జొరం కాదు, అమ్మ

నాకు జ్వరం వచ్చింది, తగ్గింది, బతికాను. ఆ మాత్రం చెప్పడానికైతే ఇంత రాత అక్కర్లేదు. చలికాలంలో జ్వరం రాని కొంప ఏది? నేను రాస్తున్నది మా తోడికోడలు రత్న గురించి. నాకొచ్చిన జ్వరమే, అదే వారంలో, అదే పురుగు కుట్టి ఆమెకూ వచ్చింది. కాకపోతే దాన్ని మా ఇంట్లో ఎవరమూ జ్వరం అనలేదు. అనకపోవడం వల్ల ఏం పోగొట్టుకున్నామో చెప్పాలని ఈ నాలుగు ముక్కలు. ఇప్పుడు మమ్మల్ని చూడ్డానికి వచ్చే చుట్టాలు "ఇద్దరూ బాగానే ఉండారు కదమ్మా, ఇంగేం కావల్ల" అంటారు. బాగానే అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మేముండేది అనంతపురంలో. మా ఆయన కరెంటాఫీసులో పని చేస్తాడు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా మరిది ఓబులేసూ రత్నా నల్లమాడ పక్కన మా ఊళ్లో, చేన్లోనే ఇల్లు కట్టుకుని సేద్యం చేసుకుంటున్నారు. రత్న నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. మా మధ్య తోడికోడళ్ల పోట్లాటలు లేవని అబద్ధం చెప్పను. పోట్లాడుకున్నాం, మూతులు ముడుచుకున్నాం, మళ్లీ పదిరోజులకొకసారి ఫోను చేసుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు.

డిసెంబరు, రెండో శనివారం

రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చి ఆయనకు సెలవులు. శుక్రవారం సాయంత్రమే బస్సెక్కాం. నాకు ఆ ఇంటి మీద ప్రాణం. ఇల్లు పెద్దదేం కాదు, మూడు గదులు, ముందర రేకుల వసారా. వెనకాల తోట ఉందే, అదీ చూడాల్సింది. ఒకప్పుడు అక్కడ చీనీ చెట్లు, అంటే బత్తాయి, ఉండేవి. వానలు లేక, బోరు ఎండి, అవన్నీ పొయ్యిలోకి పోయాయి. ఆ చోటు కొన్నేళ్లు బోడిగా పడి ఉంది. మళ్లీ వానలు పడి బోరులో నీళ్లు ఊరేసరికి రత్న ఎవరినీ అడక్కుండా పార పట్టుకుని దిగింది. అనప, చిక్కుడు, టమోటా, గోంగూర, ఒక పక్కంతా కనకాంబరాలు. చుట్టూ కందిచేలు ఎండి గలగలమంటుంటే నడుమ ఆ పచ్చదనం. మొదట్లో ఎగతాళి చేసిన మా మరిది తర్వాత నోరు మూసుకుని పాదులు తీయడం మొదలుపెట్టాడు.

శనివారం పొద్దున మంచు దట్టంగా పడింది. మగవాళ్లిద్దరూ మోటారు సామాను కోసమని కదిరికి పోయారు. తోట చివర, చెనక్కాయలు, అదే వేరుశనగ కాయలు, కోసుకున్నాక మిగిలిన ఎండు చెట్లను, మేం కట్టె అనేదాన్ని, వామి వేసి ఉంచారు, ఎనుములకు మేత. ఆ వామికీ తోటకూ మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగిపోయింది. ఎలుకలు దాంట్లో కాపురం పెట్టి టమోటాలన్నీ కొరికేస్తున్నాయని రత్న గోల.

"ఈపొద్దు దాన్ని పీకి పారేస్తే గానీ నాకు నిద్ర పట్టదక్కా. నువ్వు ఆడ కూర్చో, నేను పీకుతా."

"ఏం, నేను పీకలేనా?"

"సూది పట్టుకునే చేతికి కొడవలి యాడ వస్తాది లే!" అని నవ్వింది.

అంతమాట అన్నాక నేను ఊరుకుంటానా? కొంగు దోపుకుని దిగాను. ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరం గడ్డి పీకాం. తర్వాత వామి నీడన కాదు, ఎండ తగిలే వైపు, ఆ కట్టె మీదే చతికిలబడి అనపకాయలు ఒలిచాం. ఆ చలిలో వీపుకు ఎండ తగులుతుంటే ఎంత హాయో అనుభవించినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏం మాట్లాడుకున్నాం? ఏమీ లేదు. ఎవరి కూతురు ఎవరితో పోయింది, ఎవరింట్లో కుక్కర్ పేలింది, నా జాకెట్ల దగ్గరికి వచ్చే ఆడవాళ్ల వయ్యారాలు. రత్న మాటలకు నేను పడీ పడీ నవ్వాను. రాత్రికి ఆ గింజలతో పితికిన పప్పు, రాగి సంకటి. మా ఆయన ఎన్నడూ మెచ్చుకోనివాడు ఇంకో ముద్ద అడిగాడు.

ఆదివారం అసలేమీ జరగలేదు. ఆ రోజు గురించి ఇప్పుడు ఎన్నిసార్లు తలచుకున్నా తలచుకోవడానికి పని అంటూ ఒకటీ దొరకదు. మధ్యాహ్నం ఆ కట్టె మీదే చీర చెంగు పరుచుకుని నిద్రపోయాను. లేచేసరికి రత్న పక్కనే కూర్చుని ఉంది. కోళ్లు నా మీదికి రాకుండా తోలుతూ కాపలా కాసిందట. "నిద్రలో నోరు తెరుచుకుంటావక్కా, కోడి గుడ్డు పెడ్తాదేమోనని భయమైంది" అంది. ఇద్దరికీ ఒళ్లంతా దురద. కట్టె దురదలే అని కొబ్బరినూనె రాసుకున్నాం. సాయంత్రం సంచి నిండా కాయలు పెట్టి బస్సెక్కించింది. ఆ శనివారం నేను పంతానికి పోకుండా వసారాలో కూర్చుని ఉంటే, ఆమె కూడా నా పక్కన కూర్చుని కబుర్లాడి ఉండేది, గడ్డి ఇంకో వారం పెరిగేది. అంతే కదా. పెరిగితే పెరిగేది.

క్రిస్మస్ ముందర

తల బద్దలవుతున్నట్టు నొప్పితో మొదలైంది. పండగ జాకెట్లు గుట్టలా పడి ఉన్నాయి, నేనేమో సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను. రాత్రికి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. వీధి చివర సూదిమందు వేసే ఆయన దగ్గరికి పోతే వేశాడు. పొద్దున చెమటపట్టి తగ్గింది, సాయంత్రం మళ్లీ కాలింది. ఒళ్లంతా రోకట్లో వేసి దంచినట్టు ఉండేది. ఇట్లా తగ్గుతూ ఎక్కుతూ రోజులు పోయాయి. "తగ్గుతాది లే" అని మా ఆయన, "తగ్గకపోతే చస్తా లే" అని నేను. జ్వరంలో నాకు నోరు ఇంకా ఎక్కువ లేస్తుంది.

రత్నకు ఫోను చేశాను. ఓబులేసు ఎత్తి, ఆమెకు ఇచ్చాడు. గొంతు నీరసంగా ఉంది.

"ఏమ్మే, అట్లుండావు?"

"అమ్మ వచ్చిందక్కా మా ఇంటికి. తట్టు."

మా వైపు తట్టు అన్నా, అమ్మవారు పోసిందన్నా, అది రోగం కాదు. తల్లి. ఇంటికి వచ్చిన ముత్తైదువ. వాకిలికి వేపమండలు కడతారు. తాలింపు వేయరు, ఆ వాసన తల్లికి పడదు. బయటివాళ్లు గడప తొక్కరు, ఇంట్లోవాళ్లు బయటికి పోరు. మాత్ర మింగితే తల్లికి కోపం. ముఖ్యంగా, దాన్ని జొరమని నోటితో అనకూడదు. ఒళ్లు పెనంలా కాలుతున్నా "తల్లి వేడిగా ఉండాది" అనాలి. ఇవేవీ నాకు కొత్త కాదు. నా చిన్నప్పుడు నాకు పోసినప్పుడు మా అమ్మ ఇట్లాగే చూసుకుంది, నేను బతికాను. ఆ నమ్మకం ఊరికే రాలేదు.

"చిన్నప్పుడు నాకు పొయ్యలేదు కదక్కా. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటాంది తల్లి" అని నవ్వబోయి దగ్గింది. "కడుపు మీద, రొమ్ము మీద ఎర్రెర్రగా లేచినాయి. ఇంకా పొంగలేదు. పొంగితే బాధ తగ్గుతాదంట."

"నాకూ జొరమే రత్నా. లేవలేకపోతాండా."

"నీది జొరమక్కా. డాక్టరు దగ్గరికి పో. నాది అమ్మ. రెండూ ఒకటి చేస్తే ఎట్ల?"

నిజమే కదా అనుకున్నాను. ఒకటి చేయలేదు. ఇంకా సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమె పరిస్థితే నాకంటే నయమని సంతోషపడ్డాను. అమ్మ తొమ్మిది రోజులుండి పోతుంది, నా జ్వరం ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? రత్న త్వరగా లేస్తే తల్లికి పెరుగన్నం పెడతానని మొక్కుకుని పడుకున్నాను.

ఆసుపత్రి

నేను గోడ పట్టుకుని కూడా నడవలేని రోజు మా ఆయనకు భయం పుట్టింది. ఆటోలో తీసుకుపోయాడు. హాలంతా జనం. బెంచీ మీద చోటు లేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని వణుకుతుంటే పక్కనున్న పెద్దామె, "ఏమ్మా, కోడిపిల్ల మాదిరి వణుకుతాండావే" అని తన శాలువ తీసి నాకు చుట్టి, నా తల తన భుజానికి ఆనించుకుంది. ఉరవకొండ ఆమెట. భర్త లోపల వార్డులో ఉన్నాడు. పేరు అడగలేదు, ఆమె నా పేరు అడగలేదు. నా వంతు వచ్చేదాకా ఆ భుజం కదల్చలేదు. అంత నొప్పిలోనూ ఆ శాలువకున్న పొగాకు వాసన నాకు గుర్తుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. జ్వరం ఎన్నాళ్ల నుంచి అని అడిగి, నాలుక చూసి, తర్వాత "బట్టలు వదులు చేయండమ్మా, ఒళ్లంతా చూడాలి" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. జ్వరానికీ బట్టలకూ ఏం సంబంధం? నర్సు తెర లాగింది. లంగా బొందు కట్టుకునే చోట, నడుము పక్కన, నల్లటి పొక్కు. చిన్న బీడీతో కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు. బొందు ఒరుసుకుందని నేను దాన్ని అసలు లెక్క చేయలేదు.

"గడ్డిలో తిరిగారా ఈమధ్య? తోటలో, వామి దగ్గర?"

"మా మరిది వాళ్ల తోటలో..."

"అదీ" అంది. గడ్డిలో, ఎలుకలుండే చోట్ల, కంటికి ఆనని పురుగు ఉంటుందట. అది కుట్టిన చోట ఇట్లా మచ్చ పడుతుందట. ఆ జ్వరానికి స్క్రబ్ టైఫస్ అని పేరు చెప్పింది. మాకు నోరు తిరగలేదు. రక్తం తీసుకున్నారు గానీ, ఫలితం రాకముందే మాత్రలు మొదలుపెట్టింది. తెలుసుకుంటే తేలికైన జ్వరమేనని, ఆలస్యమైతేనే మెదడుకూ ఊపిరితిత్తులకూ పోతుందని చెప్పింది. తర్వాత మా ఆయన వైపు తిరిగి అడిగింది.

"ఈమెతో పాటు ఆ గడ్డిలో తిరిగినవాళ్లకెవరికైనా, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం ఉందా?"

"లేదు మేడం. ఎవురికీ లేదు."

నేను మంచం మీద పడుకుని విన్నాను. తల కూడా ఊపాను. ఆ పొద్దున్నే ఆయన తమ్ముడితో ఫోన్లో మాట్లాడాడు. రత్నకు తట్టు పోసిన సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆమె నాతో పాటే ఆ గడ్డి పీకిందని నాకు తెలుసు. ఎవరం ఏదీ దాచలేదు. డాక్టరమ్మ అడిగింది జ్వరం గురించి. మా వాళ్లెవరికీ జ్వరం లేదు. ఒకరికి అమ్మ పోసింది, అంతే. ఆ మాట నాలుక చివరికి కూడా రాలేదు నాకు. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పామని ఆ రోజు ఎవరైనా నా తల మీద చెయ్యి పెట్టి అడిగినా ఒట్టు వేసి ఉండేదాన్ని.

మాత్రలు పడిన రెండో రోజుకు జ్వరం దిగిపోయింది. ఆకలేసింది. ఆసుపత్రి ఇడ్లీ రాయిలా ఉందని సణిగాను. నేను సణిగితే బాగయినట్టేనని మా ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

కొత్త సంవత్సరం

ఇంటికొచ్చాక రత్నకు ఫోను చేస్తే ఓబులేసు, "నిద్రపోతాంది వదినా, రేపు తల్లికి నీళ్లు పోస్తాం" అన్నాడు. తొమ్మిదో రోజు వేపాకు నీళ్లతో స్నానం చేయించి తల్లిని సాగనంపుతారు. మంచిదే అన్నాను. నేను కోలుకుంటున్నాను, ఆమె కోలుకుంటుంది. మనసు తేలికపడింది.

మర్నాడు మధ్యాహ్నం ఓబులేసు ఫోను. ఏడుస్తున్నాడు. మా మరిది ఏడవడం నేను అంతకుముందు వినలేదు.

"వదినా, నీళ్లు పోస్తాంటే పడిపోయింది. పిలిస్తే పలకదు. ఊపిరి ఎగబీలుస్తాంది. నన్ను గుర్తు పట్టలేదు వదినా!"

"నిన్నటిదాకా బాగుందన్నావే?"

"ఏం బాగు! నిద్రపోతాందనుకుంటిమి. పసుపు కడిగినాక చూస్తే, చంక కింద నల్లగా ఉండాది. కాలినట్టుండాది. ఎట్లయిందో తెల్దు."

నా చెయ్యి నా నడుము మీది మచ్చ దగ్గరికి పోయింది.  అన్ని రోజులూ ఆ మచ్చ మీద పసుపూ వేపాకూ ముద్దగా మెత్తారు. తల్లి ఒంట్లో ఉండగా ఆ పసుపు తుడిచి చూడరు కదా, ఎవరు చూస్తారు?

"ఓబులేసూ, నా మాట ఇను. అది అమ్మ కాదు. జొరం. నాకొచ్చిన జొరమే."

"జొరమనొద్దు వదినా! అమ్మ ఇంకా ఇంట్లోనే ఉండాది."

పెళ్లాం ప్రాణం పోతుంటే కూడా ఆ మాటకు వణికాడు. నేను అరిచాను. నా గొంతు విని పక్కింటివాళ్లు వచ్చారు. "జొరమే! జొరమే రా అది! ఇప్పుడే తీసుకుని రా, లేకపోతే చస్తాది!" అని, ఎన్నడూ అనని 'రా' కూడా అనేశాను. తర్వాత తెలిసింది, ఊళ్లోవాళ్లు కొందరు తల్లిని పొలిమేర దాటించొద్దని అడ్డం పడ్డారట. ఓబులేసు కర్పూరం వెలిగించి, చెంపలేసుకుని, వేపమండ ఒకటి వెంట పెట్టుకుని, టమోటాలు తోలే బండిలో పరుపు వేసి తెచ్చాడు.

అదే ఆసుపత్రి, అదే డాక్టరమ్మ. రత్నను లోపలికి తోసుకుపోయారు. గొట్టాలు పెట్టారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"మీతో పాటు గడ్డి పీకింది ఈమేనా? నేను అడిగాను కదండీ, ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం ఉందా అని?"

మా ఆయన చేతులు నలుపుకుంటూ, "జొరం లేదు మేడం అప్పుడు. అమ్మవారు పోసింటే..." అన్నాడు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. బెంచీ మీద కూర్చుండిపోయింది. "అమ్మవారు పోసిందా అని అడగాలని నాకు తట్టలేదే" అంది, మాతో కాదు, తనలో తాను.

ఆ వరండాలో అన్నదమ్ములు కొట్టుకోవడం ఒకటే తక్కువ.

"డాక్టరు అడిగితే నువ్వెందుకు చెప్పలేదన్నా? తోటలో ఇద్దరూ ఉండారని తెలుసు కదా నీకు?"

"నువ్వు నాకు జొరమని చెప్పినావా?"

"నేనెట్లా చెప్తా? అమ్మను పట్టుకొని జొరమంటారా ఎవురైనా?"

"మరి నేనెట్లా చెప్తా ఆయమ్మకు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చెరో గోడ వైపూ పోయి నిలబడ్డారు. నాకు ఇద్దరి మీదా కోపం రాలేదు. రత్న మీద వచ్చింది. అంత మంకుపట్టు మనిషి, లోపల నోట్లో గొట్టంతో పడి ఉంటే, ఆమె మీద కోపం. దాని వెనకే నా మీద నాకు అసహ్యం. నా లంగా బొందు కింద పడిన మచ్చ ఆమెకూ పడి ఉండొచ్చని, అదే దురదకు ఇద్దరం ఒకే సీసాలోని నూనె రాసుకున్నామని, ఆ మంచం మీద పడుకున్న నాకు తట్టకపోవడమేమిటి?

ఉరవకొండ పెద్దామె ఇంకా అక్కడే ఉంది. ఆమె భర్తకు బాగాలేదు. అయినా డబ్బాలో పెరుగన్నం తెచ్చి నా ముందు పెట్టింది. వద్దంటే వినలేదు. "ఏడ్చేదానికైనా ఓపిక కావల్ల కదమ్మా. తిని ఏడువు" అంది. తిన్నాను. తిని ఏడ్చాను. ఆమె భర్త మర్నాడు పోయాడు. నేను ఆమెకు ఒక్క ముద్ద తినిపించలేకపోయాను, అంతలోనే బండి కట్టుకుని వెళ్లిపోయారు.

అట్లా వారం పైన నడిచింది. ఒకరోజు పరవాలేదంటారు, ఇంకోరోజు చూద్దామంటారు. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. ఆ తల్లికి నేను మొక్కడం మానలేదు. నా కోపం తల్లి మీద కాదు. ఆమె తన పేరు వాడుకోమని ఎవరికీ చెప్పలేదు.

చివరికి గొట్టం తీశారు. ఒక్కొక్కరే వెళ్లి చూడమన్నారు. నేను వెళ్లేసరికి ఓబులేసు మంచం పక్కన నిలబడి ఏదో చెబుతున్నాడు. నర్సు కూడా ఏదో అంటోంది. రత్న మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెద్దగా, ఆ గదంతా తిరిగి చూసేట్టు అడిగింది.

"ఏమక్కా, అందరూ గుసగుసలాడతాండారు? నేను చచ్చిపోతానా?"

ఎవరమూ గుసగుసలాడలేదు. మామూలుగానే మాట్లాడాం. బతికిందన్న సంతోషం నాకు అక్కడే, ఆ నిమిషంలోనే సగం చచ్చింది. ఈ జ్వరం ముదిరితే చెవులు పోవచ్చని, కొందరికి తిరిగొస్తుందని, కొందరికి రాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు

ఉగాది దాటింది. రత్నకు కుడి చెవిలో కొంచెం వినబడుతుంది, అదీ గట్టిగా అరిస్తే. ఎడమది పూర్తిగా పోయింది. చెవి మిషను పెట్టుకుంటే లోపల కందిరీగలు తిరుగుతున్నట్టు ఉందని తీసి గూట్లో పెట్టింది. ముందైతే గొట్టంలోంచి నీళ్లు పడే చప్పుడు విని, గాలి కలుస్తోందని, బోరు తగ్గుతోందని వంటింట్లోంచే అరిచేది. ఇప్పుడు ఓబులేసు పోయి చూసి వచ్చి చేత్తో సైగ చేస్తాడు. ఫోనులో మాట్లాడుకోవడం అయిపోయింది. అందుకని నేనే వెళ్తున్నాను, వీలైనప్పుడల్లా.

ఇది చదివేవాళ్లకు ఒక మాట. మీ ఇంట్లో తల్లి వస్తే వేపమండలు కట్టండి, మొక్కుకోండి, నేను కాదనను. నేనూ మొక్కుతాను. దాంతో పాటే మనిషిని డాక్టరుకు చూపించండి. ఒళ్లంతా చూడండి, మడతల్లో, బట్ట కింద, సిగ్గుపడే చోట్ల. కాలినట్టు మచ్చ కనబడితే ఆగొద్దు. డాక్టరు జ్వరం ఉందా అని అడిగితే, జ్వరమని ఏవేవి అనకుండా ఉన్నామో అవన్నీ కూడా చెప్పండి. మా డాక్టరమ్మ ఇప్పుడు ప్రతివాళ్లనూ "జ్వరం ఉందా, అమ్మవారు పోసిందా" అని రెండూ కలిపి అడుగుతోందట. ఆ రెండో ముక్క మా రత్న చెవులు పెట్టి కొన్నది.

మొన్న వెళ్లినప్పుడు ఆమె వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను వచ్చిన అలికిడి తెలియలేదు. ఎదురుగా పోయి నిలబడితే తల ఎత్తి నవ్వింది. వాళ్లకూ వీళ్లకూ చెప్పినట్టే నాతోనూ అంది.

"అమ్మ చెవులు తీసుకొని ప్రాణం ఇడిసిందక్కా. పోనీ లే."

అన్నాళ్లూ ఎవరమూ ఆమెకు చెప్పలేదు, డాక్టరమ్మ ముందే అడిగిందని. ఏమని చెబుతాం? ఇంక లోపల పెట్టుకోలేకపోయాను. పక్కన కూర్చుని మెల్లగా మొదలుపెట్టాను. నా పెదాలు చూస్తూ చేతులు ఆపింది.

"ఏమంటాండావు? గట్టిగా చెప్పు."

"డాక్టరమ్మ నన్నడిగింది!"

"ఎవురు?"

ఇంక నా వల్ల కాలేదు. ఆమె కుడి చెవి దగ్గర నోరు పెట్టి, అటు చేలో పనిచేసేవాళ్లు నడుములెత్తి చూసేంత గట్టిగా అరిచాను. "నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరమ్మ అడిగింది రత్నా! ఇంట్లో ఇంకెవురికైనా జొరముందా అని! మీ బావ లేదన్నాడు! నేనూ లేదన్నట్టు తల ఊపినా! అప్పుడే చెప్పింటే నీ చెవులు నీకుండేవి!" అరుపుకు నా గొంతు చీలిపోయింది. ఏడుస్తూ అరవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది నాకు.

 ఆమెకు కోపం వస్తే బాగుండునని, నాలుగు తిడితే బాగుండునని చూశాను. చేతిలోని గింజ పక్కన పడేసింది.

"నన్నడిగినా లేదనే చెప్పింటి కదక్కా" అంది.

 నా కళ్లు తన కొంగుతో తుడిచింది. అంతకుముందు లేని ఆ పెద్ద గొంతుతో, పక్కనున్న నాకు కాదు, ఎక్కడో చేను అవతల ఉన్నవాళ్లకు చెప్పినట్టు చెప్పింది.

"నాకు అరిచి ఏం లాభం? నాకు జరిగేది జరిగిపాయ. ఇంకా చెవులుండేవాళ్లకు చెప్పు పో."